రిటైరైన యుద్ధవిమానానికి శత్రువులు: ఉప్పు, నీళ్లు, పావురాలు

2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మిగ్-21కి భారత వాయుసేన వీడ్కోలు పలికింది. 1963లో తొలి దళం వచ్చింది కూడా చండీగఢ్‌కే. ఈ మధ్యకాలంలో 870కి పైగా మిగ్-21లు మన వాయుసేనలో పనిచేశాయి. ఇలా ఒక రకం విమానం సెలవు తీసుకున్నప్పుడల్లా కాలేజీలు, సైనిక స్కూళ్లు, మున్సిపాలిటీలు "మాకొకటి ఇప్పించండి" అని అర్జీలు పెట్టుకోవడం మామూలే. విమానం వస్తుంది, దిమ్మె కడతారు, రంగు వేస్తారు, రిబ్బన్ కత్తిరిస్తారు. అక్కడితో దాన్ని భద్రపరిచినట్టే అనుకుంటారు. నిజానికి ఆరుబయట నిలబెట్టిన విమానం ఆ రోజు నుంచే మెల్లగా తుక్కవడం మొదలవుతుంది. ఎంత మెల్లగా అన్నది ఏటా దాని మీద పెట్టే ఖర్చును బట్టి ఉంటుంది.

విమానం ఎందుకు రిటైరవుతుందో ముందు తెలియాలి. దాని ఆయుష్షును మూడు రకాలుగా లెక్కిస్తారు: ఎగిరిన గంటలు, దిగిన సార్లు, క్యాలెండర్ ఏళ్లు. మూడింటిలో ఏది ముందు అయిపోయినా విమానం ఆగాల్సిందే. పొడిగించాలంటే విప్పి, పగుళ్లు వెతికి, భాగాలు మార్చి మళ్లీ సర్టిఫై చేయాలి. ఆ ఖర్చు గిట్టుబాటు కానప్పుడు, లేదా విడిభాగాలు దొరకనప్పుడు సెలవు ఇస్తారు. అప్పుడు ముందు జరిగేది మ్యూజియానికి పంపడం కాదు, విడిభాగాలు తీసుకోవడం. ఇంకా ఎగురుతున్న తోటి విమానాలకు పనికొచ్చే పంపులు, యాక్చుయేటర్లు, చక్రాలు, జనరేటర్లు, రేడియోలు విప్పేస్తారు. ఒక రకంలో చివరి విమానం దాకా వచ్చేసరికి మిగతావాటిలో చాలావరకు డొల్లలే మిగులుతాయి. కొన్ని టెక్నీషియన్ల శిక్షణకు వెళతాయి, మిగిలినవి వేలంలో తుక్కు కింద పోతాయి. మ్యూజియాలకూ ప్రదర్శనకూ చేరేది చిన్న వాటా.

జనం మధ్యకు పంపే ముందు విమానాన్ని నిరపాయం చేయాలి. ఇందులో తొందరపాటు పనికిరాదు. ప్రమాదంలో పైలట్‌ను బయటికి విసిరేసే ఎజెక్షన్ సీటులో తుపాకీ గుండు లాంటి కార్ట్రిడ్జిలు ఉంటాయి. మిగ్-21లో చివరి దశలో వాడిన కేఎం-1 సీటులో వాటితోపాటు రాకెట్ మోటారు కూడా ఉంది. సేఫ్టీ పిన్ను పెట్టి వదిలేస్తే సరిపోదు, కార్ట్రిడ్జిలనూ మోటారునూ బయటికి తీసేయాల్సిందే. కనోపీని, అంటే పైలట్ తలమీది పారదర్శకమైన మూతను ఊడగొట్టే కార్ట్రిడ్జి వేరే ఉంటుంది. మంటలార్పే సిలిండర్ల మూతల దగ్గర చిన్న పేలుడు పదార్థాలు ఉంటాయి. హైడ్రాలిక్ ఒత్తిడిని నిల్వ ఉంచే అక్యుములేటర్లలో, ల్యాండింగ్ గేర్ కాళ్లలో నైట్రోజన్ ఒత్తిడి ఏళ్ల తరబడి అలాగే నిలిచి ఉంటుంది. నట్టు విప్పితే చాలు, ఎగిరి మొహానికి తగులుతుంది. పాత డయళ్ల మీద చీకట్లో వెలిగే రంగులో రేడియం ఉండొచ్చు. ఆ రంగు వెలగడం ఎప్పుడో మానేసినా రేడియేషన్ మానదు, ఎందుకంటే రేడియం అర్ధాయువు 1,600 ఏళ్లు. కొన్ని సోవియట్ విమానాల్లో, హెలికాప్టర్లలో మంచు పేరుకోవడాన్ని పసిగట్టే ఆర్ఐఓ-3 అనే పరికరం ఉండేది. దాని లోపల స్ట్రాన్షియం-90 ఉంటుంది. బ్రేక్ ప్యాడ్లలో ఆస్బెస్టాస్, రంగు కింద వేసే ప్రైమర్‌లో క్రోమేట్, బోల్టుల మీద కాడ్మియం పూత, అన్నీ ఒంటికి హాని చేసేవే. అందుకే విమానం రంగు గీకేవాళ్లకు మాస్కు లేకపోతే ఆ పని ఆపేయాలి.

ఈ పనంతా పెద్ద ఎత్తున, పద్ధతి ప్రకారం జరిగే చోటు అమెరికాలోని అరిజోనాలో, టూసాన్ ఊరి పక్కన డేవిస్-మొంతాన్ వైమానిక స్థావరం. 2,600 ఎకరాల్లో వేల విమానాలు వరసగా నిలబడి ఉంటాయి. అక్కడే ఎందుకంటే ఏడాదికి సుమారు 300 మిల్లీమీటర్ల లోపు వాన, పొడిగాలి, కాంక్రీటు వేయకుండానే విమానం బరువు మోసే గట్టి నేల. అక్కడికి వచ్చిన విమానాన్ని ముందు కడుగుతారు. ఇంధనం తీసేసి, ఇంధన గొట్టాల్లోకి తేలికపాటి నూనె పంపి, దాన్ని కూడా వంపేస్తారు. లోపల పల్చటి నూనె పొర మిగిలి లోహాన్ని కాపాడుతుంది. ఆ తర్వాత ఇంజనుకు గాలి వెళ్లే ఇన్‌టేకులు, సందులు, కనోపీ అంచులు టేపుతో మూసి, తొక్కలా ఊడదీయగలిగే పూత పోస్తారు. పై పొర తెల్లది. ఆ తెలుపు ఎండను తిప్పికొట్టడం వల్ల లోపలి వేడి బయటి వేడి కంటే కాస్త మాత్రమే ఎక్కువగా ఉంటుంది. లేకపోతే కాక్‌పిట్ 90 డిగ్రీల దాకా ఉడికి రబ్బరు, ప్లాస్టిక్, వైర్లు పాడవుతాయి. ఇంత చేసినా అక్కడున్నవన్నీ బతికించడానికి కాదు. సోవియట్ యూనియన్‌తో కుదిరిన అణ్వాయుధ ఒప్పందం కింద 365 బీ-52 బాంబర్లను అక్కడే, దాదాపు 6 టన్నుల ఉక్కు కత్తిని క్రేన్‌తో పైకెత్తి వదిలి ముక్కలు చేశారు. రష్యా ఉపగ్రహాలు లెక్కపెట్టుకోవడానికి ఆ ముక్కలను 90 రోజులు కదపకుండా ఉంచారు. 2006లో రిటైరైన అమెరికా నౌకాదళపు ఎఫ్-14 యుద్ధవిమానాల సంగతి ఇంకా విచిత్రం. ఆ రకం నడుపుతున్న మరో దేశం ఇరాన్ ఒక్కటే కాబట్టి, విడిభాగాలు అటు చేరతాయన్న భయంతో చాలావాటిని నుగ్గునుగ్గు చేశారు. పనికొచ్చే వస్తువు కావడమే వాటి ప్రాణం మీదకి తెచ్చింది.

మన దేశంలో అలాంటి ఎడారి నిల్వ లేదు. మన విమానాలు ఎక్కువగా నిలబడేది వర్షాకాలం ఉన్న ఊళ్లలో, కొన్నిసార్లు సముద్రం పక్కన. వాటిలో కష్టమైన ఉదాహరణ విశాఖపట్నం బీచ్ రోడ్డులో ఉన్న టీయూ-142. 1988లో మన నౌకాదళంలో చేరిన ఈ సోవియట్ విమానాలు మొత్తం ఎనిమిది. జలాంతర్గాముల వేట వాటి పని. 29 ఏళ్లలో ప్రమాదం లేకుండా 30,000 గంటలు ఎగిరి, 2017 మార్చి 29న అరక్కోణంలోని ఐఎన్ఎస్ రజాలీలో సెలవు తీసుకున్నాయి. ఒకటి ఏప్రిల్ 8న విశాఖలోని ఐఎన్ఎస్ డేగాకు ఎగిరి వచ్చింది. దాన్ని విప్పి, బీచ్ రోడ్డుకు తరలించి, కురుసుర జలాంతర్గామి మ్యూజియం ఎదురుగా మళ్లీ బిగించారు. ఆ ఏడాది డిసెంబరు 7న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ మ్యూజియాన్ని ప్రారంభించారు. దగ్గరలోనే నౌకాదళం వదిలిన సీ హారియర్ యుద్ధవిమానం కూడా ఉంది. ఆ హారియర్లు ఎగిరిన విమానవాహక నౌక విరాట్ మాత్రం గుజరాత్‌లోని అలంగ్ తీరంలో తుక్కయింది. ఓడ పోయి విమానం మిగలడం ఆశ్చర్యమేమీ కాదు. నిలబెట్టడానికి ఓడకు రేవు కావాలి, విమానానికి కొంత స్థలం, నాలుగు స్టాండ్లు చాలు.

టీయూ-142 మామూలు సైజు కాదు. పొడవు 53 మీటర్లు, రెక్కల వెడల్పు 50 మీటర్లు. నాలుగు ఇంజన్లు, ఒక్కోదానికి ఎదురెదురుగా తిరిగే రెండు ప్రొపెల్లర్లు. ఇంత విమానాన్ని ఊళ్లోంచి తీసుకెళ్లాలంటే రెక్కలు విప్పక తప్పదు. విప్పడంలోనే విమానం బతుకుతుందో లేదో తేలిపోతుంది. ఫ్యాక్టరీలో కలిపిన జాయింట్ల దగ్గరే విప్పాలి. అక్కడి బోల్టులు ఏళ్ల తరబడి బిగుసుకుపోయి ఉంటాయి. చొచ్చుకుపోయే నూనె పోసి, రోజులు ఆగి, పుల్లర్‌తో లాగాలి. ఓపిక లేని కాంట్రాక్టరు గ్యాస్ కట్టర్ తెస్తాడు. కట్టర్‌తో కోసిన స్పార్‌ను, అంటే రెక్క లోపలి ప్రధాన దూలాన్ని, మళ్లీ అతికించినా అది బరువు మోసే స్పార్ కాదు, బొమ్మ. పైగా ఆ వేడికి చుట్టుపక్కల లోహం గట్టితనం పోతుంది. ప్రతి బోల్టు, దాని చుట్టూ ఉండే గొట్టం లాంటి ప్రతి బుష్ ఏ రంధ్రంలోదో నంబరు రాసి సంచుల్లో కట్టాలి, వైర్ల కట్టలను కోయకుండా కనెక్టర్ల దగ్గరే విడదీయాలి. రోడ్డు మీద సైజు దాటిన సరుకుకు అనుమతులు, కరెంటు తీగలు ఎత్తించడం, రాత్రిపూట ప్రయాణం తప్పవు. అయినా ఆ తతంగమంతా బోల్టుల పనికంటే తేలికే.

ఇప్పుడు ఉప్పు సంగతి. సముద్రం మీంచి వచ్చే గాలిలో కంటికి కనిపించని ఉప్పు తుంపర్లు ఉంటాయి. మామూలు ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే తనంతట తానే నీరవుతుంది. సముద్రపు ఉప్పులో ఉండే మెగ్నీషియం క్లోరైడ్‌కైతే 33 శాతం చాలు. విశాఖ గాలిలో అంతకంటే తక్కువ తేమ ఉండే గంటలు ఎన్నని? అంటే వాన పడని రోజున కూడా విమానం చర్మం మీద ఉప్పునీటి పొర ఉన్నట్టే లెక్క. సోవియట్ విమానాల చర్మం, స్పార్లు ఎక్కువగా డీ16, వీ95 అనే అల్యూమినియం మిశ్రమాలు. మొదటిదాంట్లో రాగి ఎక్కువ, రెండోదాంట్లో జింకు ఎక్కువ. బలం ఇచ్చేవీ అవే, తుప్పుకు దారిచ్చేవీ అవే. రేకు మీద కాపుగా దాదాపు స్వచ్ఛమైన అల్యూమినియం పొర, దానిమీద రంగు ఉంటాయి. గీత పడ్డ చోట, రివెట్టు రంధ్రం అంచున ఆ కాపు లేదు.

ఈ తుప్పు ఎర్రగా ఉండదు. రంగు కింద చిన్న పొక్కుగా మొదలై, పగిలితే తెల్లటి పొడి రాలుతుంది. చూసేవాళ్లు దుమ్మనుకుంటారు. మందపాటి పలకల్లో, స్పార్ అంచుల్లో ఇంకో రకం వస్తుంది. రోలర్ల మధ్య నొక్కి పలక చేసేటప్పుడు లోహపు రేణువులు పొడవుగా పొరలుగా సాగి ఉంటాయి, తుప్పు ఆ పొరల మధ్యకు దూరుతుంది. తుప్పుకు లోహం కంటే ఎక్కువ చోటు కావాలి కాబట్టి అంచు నానిన ప్లైవుడ్‌లా విచ్చుకుంటుంది. వేలితో తడిమితే ఎత్తుగా తగులుతుంది. రేకు మీద రేకు పడే జాయింట్లలో ఇదే జరిగితే రివెట్ల మధ్య ఉబ్బుతుంది, చివరికి రివెట్ల తలలు తెగి ఊడిపోతాయి. ఆ దశకు వచ్చాక రంగు వేయడమంటే శవానికి అలంకారమే.

ఉక్కు బోల్టుల దగ్గర ఇంకా త్వరగా పాడవుతుంది. వాటిమీది కాడ్మియం పూత ఉన్నంతకాలం ఫర్వాలేదు. అది అరిగాక ఉక్కు, అల్యూమినియం, మధ్యలో ఉప్పునీరు కలిసి చిన్న బ్యాటరీ అవుతాయి. అందులో కరిగేది అల్యూమినియమే. చక్రాల హబ్బులు, గేర్‌బాక్సు పెట్టెలు మెగ్నీషియం మిశ్రమంతో చేసి ఉంటే వాటి గతి ఇంకా ఘోరం. అవి ఉప్పుగాలిలో అందరికంటే ముందు పొడైపోతాయి.

విచిత్రమేమిటంటే వాన తడిపే పైభాగం కంటే వాన తగలని అడుగుభాగమే ముందు పాడవుతుంది. పైన వాన ఉప్పును కడిగేస్తుంది. రెక్కల కింద, చక్రాల గూళ్లలో, ఇన్‌టేకు లోపల ఉప్పు పేరుకుంటూనే ఉంటుంది. అందుకే తీరంలో ఉన్న విమానాన్ని నెలకోసారైనా మంచినీటితో, ముఖ్యంగా అడుగున కడగాలి. మామూలు పైపు ఒత్తిడి చాలు. కార్లు కడిగే ప్రెషర్ జెట్ కొడితే ఉప్పునీరు జాయింట్లలోకి, బేరింగుల్లోకి దూరి లోపలే ఉండిపోతుంది.

నీళ్లు లోపలికి రాకుండా ఆపడం కుదరదు, బయటికి పంపడమే చేయగలిగింది. విమానం అడుగున వరసగా చిన్న బెజ్జాలు ఉంటాయి. అవి నీళ్లు కారడానికే. రంగు వేసేవాళ్లు పుట్టీతో వాటిని పూడ్చేయడం, కందిరీగలు మట్టి పెట్టడం, గూళ్ల గడ్డి అడ్డుపడడం మామూలు. వానలు మొదలయ్యే ముందు ఒక్కో బెజ్జంలోంచి ప్లాస్టిక్ పుల్ల దూర్చి చూడాలి. ఇంకో చిక్కు దిమ్మె మీద ముక్కు పైకెత్తి నిలబెట్టినప్పుడు వస్తుంది. ఆ బెజ్జాలు నేలమీద తిన్నగా నిలబడ్డ విమానం కోసం పెట్టినవి. ముక్కు పైకెత్తితే నీళ్లన్నీ తోకలోకి పోతాయి, అక్కడ బెజ్జం ఉండకపోవచ్చు. నిలబెట్టే కోణం ఖాయమయ్యాక అతి పల్లమెక్కడో చూసి అక్కడ కొత్తవి వేయాలి. ఈ ఒక్క పని మర్చిపోయిన విమానాల తోకలు ఏళ్లపాటు నీళ్లలో నానుతుంటాయి, కింద నిలబడి ఫోటో దిగేవాళ్లకు తెలియదు.

పావురాలకు జెట్ పైపు, ఇన్‌టేకు, చక్రాల గూడు కట్టించి ఇచ్చిన ఇళ్లే. వాటి రెట్ట రంగును తింటుంది, గూటి గడ్డి నెలల తరబడి తడి పట్టుకుని ఉంటుంది. దారులకు స్టెయిన్‌లెస్ జాలీ బిగించాలి, గాలాడకుండా బిరడా కొట్టకూడదు. ప్లాస్టిక్ టార్పాలిన్ కప్పడం అంతకంటే పెద్ద పొరపాటు. పగలు వేడెక్కిన తేమ రాత్రి చల్లబడి దాని కిందే నీరవుతుంది. గాలాడే తెల్లటి గుడ్డ తొడుగు కాక్‌పిట్‌కు మేలు. కనోపీ అక్రిలిక్‌ది కాబట్టి అమ్మోనియా ఉన్న అద్దాల క్లీనర్ తగిలితే సన్నటి పగుళ్లు బారుతుంది. సబ్బునీళ్లు, మెత్తటి గుడ్డ చాలు. సందర్శకులు లోపల తిరిగే పెద్ద విమానంలో ఏసీ పెడితే మరో తంటా ఉంది. బయటి తేమగాలి చల్లబడ్డ రేకు వెనక, లోపలి ప్యానెళ్ల మాటున నీరవుతుంది. ఆ ప్యానెళ్లను అప్పుడప్పుడూ విప్పి చూస్తే తప్ప అది కనబడదు.

ఇక గాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకింది, విమానాశ్రయం దెబ్బతింది. టీయూ-142 మ్యూజియం దాని తర్వాతది, కానీ లెక్క వేయడం కష్టం కాదు. గంటకు 180 కిలోమీటర్ల గాలిలో ప్రతి చదరపు మీటరు మీద సుమారు 150 కిలోల ఒత్తిడి. రెక్కల వైశాల్యం 290 చదరపు మీటర్లు. గాలి ఎదురుగా వస్తే పైకి లాగే బలం 40 టన్నుల దాకా ఉండొచ్చు, అంటే ఖాళీ విమానం బరువులో దాదాపు సగం. పైకి లేవదు కానీ స్టాండ్ల మీద పట్టు సడలుతుంది. అప్పుడు పక్కగాలి తోకను నెడితే మొత్తం తిరగడానికి చూస్తుంది, ఆ తిరుగుడు బలమంతా ల్యాండింగ్ గేర్ కాళ్ల మీద పడుతుంది. అందుకే స్టాండ్లు విమానాన్ని జాకీతో ఎత్తే పాయింట్ల దగ్గరే ఉండాలి, నేలలోకి లంగరు వేయాలి, టైర్ల మీద బరువు ఉండకూడదు. టైరు పగిలినా, కాలులో నైట్రోజన్ కారిపోయినా ఒకపక్కకు వాలకుండా కాళ్లకు ఉక్కు కాలర్ వేసి లాక్ చేస్తారు. ఇంజను లోపలే ఉంచి ముక్కులోని రాడార్, పరికరాలు తీసేసిన విమానం తోక మీద కూలబడుతుంది. అంత బరువు మళ్లీ ముక్కులో పెట్టాలి.

రంగు దగ్గర జరిగే తప్పులు వీటన్నిటికంటే ఎక్కువ, ఎందుకంటే అందరూ చేయించేది ఆ ఒక్క పనే. ఇనప గేట్లకు వేసే రెడ్ ఆక్సైడ్ అల్యూమినియానికి పట్టదు, రెండు వానలకు పెచ్చులూడుతుంది. శాండ్ బ్లాస్టింగ్ చేస్తే పల్చటి రేకు సొట్టలు పోతుంది. స్టీల్ ఊలుతో రుద్దితే ఉక్కు తునకలు రేకులో దిగబడి ఒక్కోటి ఒక్కో తుప్పు మచ్చ అవుతుంది. లోహం లేని స్కాచ్ ప్యాడ్‌తో తెల్లపొడి పూర్తిగా పోయేదాకా రుద్ది, కడిగి ఆరబెట్టి, రసాయన పూత, ఎపాక్సీ ప్రైమర్, దానిమీద పాలీయురేథేన్ వేయాలి. సందులు పూడ్చడానికి వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ వాడకూడదు, అందులోంచి వచ్చేది ఆమ్లమే. గీకే ముందు పాత పొరలను, రష్యన్‌లో ఉన్న చిన్న చిన్న హెచ్చరికల స్టెన్సిళ్లను ఫోటోలు తీసి కొలతలు రాసుకోవాలి. చాలాచోట్ల ఈ ఓపిక లేక, విమానం ఏ స్క్వాడ్రన్‌లో ఎప్పుడూ వేసుకోని రంగులో మెరుస్తూ నిలబడుతుంది. దిమ్మెకు బిగించే ఉక్కు చట్రం స్పార్, ఫ్రేముల దగ్గర పట్టాలి, రేకుకు కాదు. రెండు లోహాల మధ్య నియోప్రిన్ ప్యాడ్, బోల్టుకు నైలాన్ బుష్ ఉండాలి.

ఇంత చాకిరీ కుదరనప్పుడు బ్రిటన్‌లో వేరే దారి తొక్కారు. వాయుసేన స్థావరాల గేట్ల ముందు దశాబ్దాలుగా వానలో నిలబడ్డ స్పిట్‌ఫైర్లను 1980ల చివర్లో దించేసి, వాటి స్థానంలో ఫైబర్‌గ్లాస్ నమూనాలు పెట్టారు. అసలువాటిలో కొన్ని మరమ్మతై మళ్లీ ఎగిరాయి. గేటు ముందు బొమ్మ చాలన్నది సరైన తీర్పే. మన దగ్గర ఇంకా ఎవరూ గట్టిగా అడగని ప్రశ్న ఇది: మిగ్-21 లాంటి రకానికి ఊరూరా అసలు విమానమే కావాలా, మంచి స్థితిలో ఉన్న పదింటిని కప్పు కింద పెట్టి మిగతాచోట్ల నమూనాలు పెడితే చాలదా?

కొన్ని విమానాలు బతికింది ఎవరో భద్రపరిచి కాదు, వాడుకుంటూ ఉండబట్టి. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక మిత్రదేశాలు కాన్పూర్‌లో బీ-24 లిబరేటర్ బాంబర్లను వదిలేస్తూ మళ్లీ ఎగరకుండా పాడుచేశాయి, ఇంజన్లలో ఇసుక పోశాయి. హిందుస్థాన్ విమాన కర్మాగారం (హెచ్ఏఎల్) ఇంజనీర్లు ఆ తుక్కులోంచి నలభైకి పైగా తేల్చారు. టెస్ట్ పైలట్ జంషెడ్ మున్షీ వాటిని బెంగళూరుకు ఎగరేసుకుపోయారు. మన వాయుసేన వాటిని 1968 దాకా వాడింది. అప్పటికి ప్రపంచంలో మిగతా లిబరేటర్లు దాదాపుగా కరిగి గిన్నెలైపోయాయి. అందుకే ఇవాళ బ్రిటన్, కెనడా మ్యూజియాల్లో ఉన్న లిబరేటర్లు మన దగ్గరి నుంచి వెళ్లినవే. టూసాన్‌లో, ఆ విమానాల ఎడారి పక్కనే ఉన్న పీమా మ్యూజియంలోదీ అంతే. ఒకటి ఢిల్లీలోని పాలం వాయుసేన మ్యూజియంలో ఉంది.

ఎగిరే స్థితికి తేవడం అన్నిటికంటే ఖరీదైన దారి. 2018లో హిండన్‌లో వాయుసేనలో చేరిన పాతకాలపు రవాణా విమానం డకోటా "పరశురామ" బ్రిటన్‌లో మరమ్మతై అక్కడి నుంచి ఎగిరి వచ్చింది. 1947 అక్టోబరు 27న సైనికులను శ్రీనగర్‌లో దించిన డకోటా నంబరు వీపీ905నే దీనికీ రాశారు. ఎగిరే విమానంలో భాగాలు మారుతూనే ఉంటాయి. ఎగరాలా, ఉన్నది ఉన్నట్టు ఉండాలా అన్నది ముందే తేల్చుకోవాల్సిన సంగతి, రెండూ కుదరవు.

ఒక సంస్థకు విమానం కేటాయింపు వస్తే రంగు కంటే ముందు అడగాల్సింది లాగ్‌బుక్కు. ఏ స్క్వాడ్రన్లలో, ఎన్ని గంటలు, ఏ భాగాలు ఎప్పుడు మారాయో అందులో ఉంటుంది. అది లేని విమానం చరిత్ర చెప్పలేదు. రెండోది, సీటు కార్ట్రిడ్జిలు, రేడియోధార్మిక డయళ్లు తీసేశామన్న సంతకం ఉన్న కాగితం. రవాణా, క్రేన్ ఖర్చులు లెక్కలో వేసుకునేటప్పుడు ఏటా కడగడానికి, బెజ్జాలు చూడడానికి, బోల్టులు బిగించడానికి, అయిదారేళ్లకోసారి అడుగు నుంచి రంగు వేయడానికి పద్దు వేరుగా రాయించాలి. కప్పు వేయగలిగితే ఆ పద్దు సగానికి తగ్గుతుంది. తీరం ఊళ్లో కప్పు వేసి, పక్క గోడలు లేకుండా వదిలితే మాత్రం ఉప్పు చేరుతూనే ఉంటుంది, కడిగే వాన ఉండదు. అలాంటి చోట పైపు పట్టుకునే మనిషి నెలకు ఒకసారి కాదు, రెండుసార్లు రావాలి.